టాక్స్ సున్నా అయితే రిటర్న్ వేయక్కర్లేదా? ఆఫీసులో ఒక మాట, ఇంట్లో ఇంకో మాట

మియాపూర్_పీజీ | 2 సెప్టెంబర్ 2025, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. జీతం నెలకు 45,000. 2024–25 ఆర్థిక సంవత్సరానికి ఫారం 16 (జీతం, కోసిన టాక్స్ చూపించే కంపెనీ సర్టిఫికెట్) ఇచ్చారు. అందులో టాక్స్ సున్నా, టీడీఎస్ (ముందే కోసుకునే టాక్స్) సున్నా. హెచ్ఆర్ వాళ్లేమో "నీకు అక్కర్లేదు" అన్నారు. పక్క సీటు అన్న "వేయకపోతే నోటీసు వస్తుంది" అని భయపెడుతున్నాడు.

ఇంట్లో ఇంకో రెండు కేసులున్నాయి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 58 ఏళ్లు. మూడెకరాల చేపల చెరువు లీజుకిచ్చారు, ఏడాదికి ఎకరానికి లక్ష. ఇంకో ఎకరం వరి ఉంది, ఖర్చులు పోను 35,000 దాకా మిగులుతుంది. ఎఫ్‌డీల మీద వడ్డీ 60,000. రిటర్న్ మాటెత్తితే "రైతుకి ఇన్‌కమ్ టాక్స్ ఏంట్రా" అంటారు.

తాతయ్య రిటైర్డ్ టీచర్. 81 ఏళ్లు, పెన్షన్ నెలకు 38,000. ఆయనకి వేరే ఆదాయం లేదు.

ముగ్గురిలో ఎవరు వేయాలి? తేదీ 15 అంటున్నారు, అందుకే టెన్షన్.

బెజవాడ_బ్రో | 2 సెప్టెంబర్, రాత్రి 10:30

టాక్స్ లేదు, టీడీఎస్ లేదు, ఇంకేం రిటర్న్ బ్రో? నా జీతం కూడా అటూ ఇటూగా నీ అంతే. మూడేళ్లుగా వేయలేదు, అడిగిన నాథుడు లేడు. హాయిగా పడుకో.

లెక్కల_మాస్టారు | 3 సెప్టెంబర్, ఉదయం 6:05

బెజవాడ బాబూ, అడగకపోవడం వేరు, అక్కర్లేకపోవడం వేరు. ఆ అబ్బాయిని తప్పుదోవ పట్టించకు.

టాక్స్ ఎంత కట్టాలన్నది ఒక లెక్క, రిటర్న్ వేయాలా వద్దా అన్నది ఇంకో లెక్క. రెండోదానికి ఆదాయపు పన్ను చట్టం 139(1) సెక్షన్ ఉంది. అది చూసేది నీ ఆదాయం కనీస మినహాయింపు పరిమితి దాటిందా లేదా అని. టాక్స్ లెక్కకి కొత్త, పాత అని రెండు విధానాలున్నాయి. కొత్త విధానంలో 2024–25కి ఆ పరిమితి 3 లక్షలు, వయసుతో పని లేదు. పాత విధానంలో 60 ఏళ్లలోపు వాళ్లకి 2.5 లక్షలు, 60 దాటితే 3 లక్షలు, 80 దాటితే 5 లక్షలు.

మియాపూర్ అబ్బాయీ, నీ లెక్క చూద్దాం. ఏడాది జీతం 5,40,000. స్టాండర్డ్ డిడక్షన్ (జీతం, పెన్షన్ వాళ్లకిచ్చే తగ్గింపు) 75,000 తీసేస్తే 4,65,000. పరిమితి 3 లక్షలు కాబట్టి మిగిలిన 1,65,000 మీద 5 శాతం, అంటే 8,250 టాక్స్ పడింది. ఆదాయం 7 లక్షల లోపుంది కాబట్టి 87ఏ సెక్షన్ రిబేట్ (టాక్స్ మాఫీ) వచ్చి ఆ 8,250ని కొట్టేసింది. ఫారం 16లో నీకు కనిపించే సున్నా అదే. 3 లక్షలు దాటిన క్షణమే రిటర్న్ బాధ్యత వచ్చింది, రిబేట్ వచ్చినంత మాత్రాన అది పోదు. కాబట్టి నువ్వు వేయాలి. నీకు ఐటీఆర్-1 అనే రిటర్న్ ఫారం సరిపోతుంది.

సిద్దిపేట_సీను | 3 సెప్టెంబర్, ఉదయం 8:40

మాస్టారూ, నాకు నెలకు 30,000 జీతం. ఏడాదికి 3,60,000 అయితది. నేను కూడా వేయాల్నా?

లెక్కల_మాస్టారు | 3 సెప్టెంబర్, ఉదయం 9:15

మంచి ప్రశ్న. 3,60,000 లోంచి 75,000 తీస్తే 2,85,000. 3 లక్షల లోపే ఉంది. ఇంకే ఆదాయం లేకపోతే నీకు తప్పనిసరి కాదు.

ఇక్కడ ఒక చిక్కుంది. స్టాండర్డ్ డిడక్షన్ జీతం లెక్కలోనే పోతుంది కాబట్టి దాన్ని తీసేశాకే పరిమితితో పోల్చాలి. పాత విధానంలో వచ్చే 80సీ (పొదుపు), 80డీ (ఆరోగ్య బీమా) లాంటి తగ్గింపులు మాత్రం అలా కాదు. అవి తీయకముందు ఉన్న ఆదాయాన్నే చూడాలి. "ఎల్ఐసీ, పీఎఫ్ అన్నీ పోను నాది 2.3 లక్షలే, నేనెందుకు వేయాలి" అనేవాళ్లు సర్వీసులో చాలామంది తగిలారు నాకు. వాళ్లంతా వేయాల్సినవాళ్లే. ఇల్లు అమ్మి ఇంకో ఇల్లు కొనుక్కుని 54 సెక్షన్ కింద టాక్స్ లేకుండా చేసుకున్నవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. మినహాయింపు తీయకముందు లాభం ఎంత అన్నదే లెక్క.

ఆడిటర్_అక్క | 3 సెప్టెంబర్, మధ్యాహ్నం 1:20

సీజన్ కదా, లంచ్ టైంలో రాస్తున్నాను.

మాస్టారు చెప్పింది కరెక్ట్. మియాపూర్ తమ్ముడూ, మీ నాన్నగారి సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి. మీ జిల్లాలో ఇంటింటికీ ఇదే సమస్య.

వ్యవసాయ ఆదాయానికి టాక్స్ లేదు, నిజమే. కానీ చేపల పెంపకం, రొయ్యల పెంపకం ఇన్‌కమ్ టాక్స్ చట్టం దృష్టిలో వ్యవసాయం కాదు. కోళ్లు, డెయిరీ కూడా అంతే. ఊళ్లో మనం "చెరువు సాగు" అంటాం, ఆక్వా రైతు అంటాం. అయినా అది వ్యాపారం కిందికే వస్తుంది. భూమిని వ్యవసాయానికి వాడితేనే దాని కౌలు వ్యవసాయ ఆదాయం అవుతుంది. చెరువుకిచ్చిన భూమి మీద లీజు అలా కాదు, అది ఇతర ఆదాయంలో చూపించాలి.

మీ నాన్నగారికి లీజు 3,00,000, వడ్డీ 60,000, మొత్తం 3,60,000. పరిమితి దాటింది కాబట్టి వేయాలి. కట్టాల్సింది మాత్రం ఏమీ ఉండదు, రిబేట్‌లో పోతుంది.

ఆ వరి ఎకరం 35,000కి టాక్స్ లేకపోయినా రిటర్న్‌లో చూపించాలి. 5,000 దాటిన వ్యవసాయ ఆదాయం ఉంటే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. మిగతా ఆదాయం పరిమితి దాటినవాళ్లకి ఈ 35,000ని రేటు లెక్క కోసం కలిపి తీస్తారు. మీ నాన్నగారి విషయంలో అలా కలిపినా కలపకపోయినా వచ్చేది 3,000 టాక్సే, అదీ రిబేట్‌తో సరి.

ఒకవేళ ఆయనకి వరి ఒక్కటే ఉండి వేరే ఆదాయం లేకపోయి ఉంటే అసలు ఈ గొడవే లేదు.

పాలకొల్లు_పిల్లోడు | 3 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:02

అక్కా, ఈ మాట మా ఊళ్లో చెబితే తన్నేలా ఉన్నారు 😄 ఇక్కడందరూ "అగ్రికల్చర్" అని రాసేసుకుంటున్నారు.

ఇంకో డౌటు. కరెంటు బిల్లు లక్ష దాటితే రిటర్న్ వేయాలంట కదా? మా చెరువు మీద ఏరియేటర్లు తిరుగుతుంటే బిల్లు ఎక్కడికో పోతుంది. మీటరు మా పేరు మీదే ఉంది, బిల్లు మాత్రం లీజుదారుడే కడతాడు. మరి ఎవరి లెక్కలోకి వస్తుంది?

ఆడిటర్_అక్క | 3 సెప్టెంబర్, రాత్రి 9:48

చట్టంలో ఉన్నది "ఖర్చు పెట్టిన వ్యక్తి" అని. మీటరు ఎవరి పేరు మీదుందన్నది కాదు. లీజుదారుడు తన అకౌంట్లోంచి కడుతుంటే అది అతని ఖర్చు. అయితే లీజు కాగితంలో "కరెంటు చార్జీలు లీజుదారుడివే" అని ఒక్క వాక్యం రాయించుకోండి. మీ ఫోన్‌లోంచి మీరు కట్టేసి తర్వాత అతని దగ్గర నగదు తీసుకునే పద్ధతుంటే ఇప్పుడే మానేయండి. రికార్డుల్లో కట్టింది మీరే అని పడుతుంది.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇలాంటివే మిగతావీ చెప్తాను. ఆదాయం పరిమితి దాటకపోయినా సరే, వీటిలో ఏ ఒక్కటి తగిలినా రిటర్న్ తప్పదు. ఏడాదిలో కరెంటుకి లక్ష దాటి ఖర్చు పెట్టడం ఒకటి. తన కోసమో ఇంకొకరి కోసమో విదేశీ ప్రయాణానికి 2 లక్షలు దాటి ఖర్చు పెట్టడం ఇంకొకటి. కరెంట్ అకౌంట్లలో మొత్తం కోటి దాటి జమ చేసినా వేయాలి. 2022లో ఇంకో నాలుగు కలిపారు: సేవింగ్స్ ఖాతాల్లో జమలు 50 లక్షలు చేరడం, వ్యాపారం టర్నోవర్ 60 లక్షలు దాటడం, వృత్తి రాబడి 10 లక్షలు దాటడం, మన పేరు మీద కోసిన టీడీఎస్, టీసీఎస్ (అమ్మేవాళ్లు వసూలు చేసే టాక్స్) కలిపి 25,000 చేరడం. ఆ చివరిది 60 దాటిన రెసిడెంట్లకి 50,000.

కంపెనీలు, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లకి ఈ పరిమితులేమీ లేవు. నష్టమొచ్చినా వేయాల్సిందే.

గుంటూరు_గిన్నె | 4 సెప్టెంబర్, ఉదయం 7:10

అమెరికాలో ఉన్న మా అబ్బాయి టికెట్లు తీసి పంపితే నేనూ మా ఆవిడా వెళ్లొచ్చాం. టికెట్లే 3 లక్షల దాకా అయ్యాయి. నాకు వేరే ఆదాయం పెద్దగా లేదు. నేను వేయాలా మేడం?

ఆడిటర్_అక్క | 4 సెప్టెంబర్, ఉదయం 7:55

డబ్బు పెట్టింది మీ అబ్బాయి కదండీ. ఈ కారణంగా మీరు వేయక్కర్లేదు. మీ ఖాతాలోంచి మీరే తీసుంటే మాత్రం వేయాలి, మీ ఆదాయం సున్నా అయినా సరే.

టిఫిన్_బండి | 4 సెప్టెంబర్, ఉదయం 11:30

నమస్తే అండి. మాది చిన్న టిఫిన్ సెంటర్. అందరూ ఫోన్‌లోనే కొడతారు, క్యూఆర్ కోడ్ నా సేవింగ్స్ అకౌంట్‌కే ఉంది. ఏడాదికి 40 లక్షల అమ్మకం ఉంటుంది, సగం క్యాష్. పప్పులు, నూనె, గ్యాస్, మనుషుల జీతాలు పోను మిగిలేది కొంచెమే. 60 లక్షలు దాటలేదు కాబట్టి నేను సేఫేనా?

లెక్కల_మాస్టారు | 4 సెప్టెంబర్, సాయంత్రం 5:20

60 లక్షల రూలు ఒక్కటే చూసుకుని ఊరుకోకూడదు బాబూ. ముందు లాభం లెక్క చూడాలి. పుస్తకాలు రాయని చిన్న వ్యాపారికి 44ఏడీ అని ఒక సులువు దారి ఉంది. డిజిటల్‌గా వచ్చిన దాని మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభం అనుకుని చూపించవచ్చు. నీకు 20 లక్షల మీద 6 శాతం 1,20,000, మిగతా 20 లక్షల మీద 8 శాతం 1,60,000. మొత్తం 2,80,000. 3 లక్షల లోపే. అయితే ఇవి కనీస శాతాలు. అసలు మిగులు అంతకన్నా ఎక్కువుంటే ఎక్కువే చూపించాలి. ఇడ్లీ వ్యాపారంలో 7 శాతమే మిగిలిందంటే నేనైతే నమ్మను, నువ్వే చెప్పు!

టిఫిన్_బండి | 4 సెప్టెంబర్, సాయంత్రం 5:41

హహ, దొరికిపోయాను మాస్టారూ. అయితే వేస్తా.

ఆడిటర్_అక్క | 4 సెప్టెంబర్, రాత్రి 10:15

టిఫిన్ అన్నయ్యా, వేయడమే మంచిది. ఇంకో మాట. క్యూఆర్ సేవింగ్స్ ఖాతాకి పెట్టుకున్నారు కదా, అమ్మకాలు పెరిగి అందులో జమలు 50 లక్షలకి చేరాయంటే 60 లక్షల టర్నోవర్ దాకా ఆగక్కర్లేదు, ఆ జమలతోనే రిటర్న్ తప్పనిసరైపోతుంది. చిట్టీ పాడిన డబ్బు, బావమరిది సర్దిన డబ్బు, అన్నీ ఆ 50 లక్షల్లోకే వస్తాయి. వ్యాపారానికి వేరే ఖాతా తెరవండి.

గచ్చిబౌలి_టెకీ | 5 సెప్టెంబర్, అర్ధరాత్రి 12:40

ఎవరూ ఆర్ఎస్‌యూల (కంపెనీ ఉద్యోగులకిచ్చే షేర్ల) గురించి మాట్లాడలేదేంటి? నాకైతే జీతం వల్ల ఎలాగూ వేయాలి. మా ఆవిడ రెండేళ్ల క్రితం ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఆదాయం సున్నా. పాత కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్లు బ్రోకర్ ఖాతాలో అలాగే ఉన్నాయి, అమ్మలేదు. తనకి అక్కర్లేదు కదా?

ఆడిటర్_అక్క | 5 సెప్టెంబర్, ఉదయం 8:05

కావాలి! మీ దగ్గర చాలామంది బోల్తా పడేది ఇక్కడే. మామూలు రెసిడెంట్ అయి ఉండి విదేశాల్లో ఏ ఆస్తి ఉన్నా, చివరికి అక్కడి ఖాతాలో సంతకం చేసే అధికారం ఉన్నా, ఆదాయంతో సంబంధం లేకుండా రిటర్న్ వేయాలి. అమ్మారా లేదా అన్నది సంబంధం లేదు. ఐటీఆర్-2లో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. అందులో లెక్క ఏప్రిల్ నుంచి మార్చి కాదు, క్యాలెండర్ ఏడాది. ఈసారి 2024 జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా చూసుకోవాలి. బ్రోకర్ స్టేట్‌మెంట్‌లో ఆ కాలం పెట్టి దించుకోండి.

చూపించకపోతే బ్లాక్ మనీ చట్టం కింద 10 లక్షల పెనాల్టీ పడవచ్చు. స్థలాలు, ఇళ్లు కాకుండా మిగతా ఆస్తుల విలువ మొత్తం 20 లక్షల లోపుంటే 2024 అక్టోబర్ 1 నుంచి ఆ పెనాల్టీ నుంచి ఊరట ఇచ్చారు. పెనాల్టీ లేదు కదా అని చూపించడం మానేయమని దానర్థం కాదు. ఏ దేశంలో ఎవరికి ఏముందో ఆ దేశాలే మన వాళ్లకి సమాచారం పంపుతున్నాయి. నిరుడు నవంబర్లో ఐటీ శాఖ వాళ్లు చాలామందికి మెసేజ్‌లు పెట్టారు కూడా.

గచ్చిబౌలి_టెకీ | 5 సెప్టెంబర్, ఉదయం 8:20

అమ్మో. ఈ వీకెండ్ పనదే అయితే.

డల్లాస్_డైరీ | 5 సెప్టెంబర్, ఉదయం 9:30

ఎన్నారైల గురించి కూడా చెప్పండి అక్కా. కేపీహెచ్‌బీలో ఫ్లాట్ ఉంది, అద్దె నెలకు 25,000. ఎన్‌ఆర్‌ఓ (ఎన్నారైల ఇండియా ఆదాయం పడే ఖాతా) ఎఫ్‌డీ వడ్డీ 70,000, దాని మీద బ్యాంకు వాళ్లు 31.2 శాతం కోసేశారు. ఇక్కడి జీతం, ఇక్కడి 401కే (రిటైర్మెంట్ పొదుపు) చూపించాలా?

ఆడిటర్_అక్క | 5 సెప్టెంబర్, రాత్రి 10:40

మీరు నాన్ రెసిడెంట్ అయితే అమెరికా జీతం, అక్కడి ఆస్తులు ఇక్కడ చూపించక్కర్లేదు. ఇండియాలో వచ్చే ఆదాయం ఒక్కటే లెక్క. అద్దె 3,00,000లో 30 శాతం స్టాండర్డ్‌గా పోతే 2,10,000. వడ్డీ 70,000 కలిపితే 2,80,000. 3 లక్షల లోపుంది కాబట్టి ఆదాయం ప్రకారం తప్పనిసరి కాదు. వడ్డీ మీద కోసింది 21,840, అది కూడా 25,000 లోపే. కానీ వేయకపోతే ఆ 21,840 వెనక్కి రాదు! వేయండి.

ఎన్నారైకి అద్దె ఇచ్చేటప్పుడు కిరాయిదారుడు కూడా టీడీఎస్ కోయాలి. మీ కిరాయిదారుడు చట్టప్రకారం కోసుంటే మొత్తం 25,000 దాటేస్తుంది, అప్పుడు రిటర్న్ తప్పనిసరి. ఇంకోటి, 87ఏ రిబేట్ ఎన్నారైలకి లేదు. ఆదాయం 3 లక్షలు దాటిందంటే టాక్స్ నిజంగానే కట్టాలి. మీ నాన్నగారో అమ్మగారో మీ దగ్గర ఉండిపోయి నాన్ రెసిడెంట్ అయితే పాత విధానంలో సీనియర్ సిటిజన్లకిచ్చే పరిమితి కూడా వాళ్లకి వర్తించదు. ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన వేసుకునే ఖాతా) వడ్డీకి మాత్రం టాక్స్ లేదు.

బెజవాడ_బ్రో | 6 సెప్టెంబర్, మధ్యాహ్నం 12:15

సరే, ఒప్పుకుంటున్నా, చట్టం అలాగే ఉంది. కానీ ఒక నిజం ఎవరూ మాట్లాడట్లేదు. ఐటీఆర్ వేస్తే రేషన్ కార్డు పోతుంది, పథకాలు ఆగిపోతాయి అని జనం భయం. మా పక్కింటావిడ కొడుకు లోన్ కోసం ఐటీఆర్ వేశాడు, ఆన్‌లైన్‌లో "ఇన్‌కమ్ టాక్స్ పేయీ" అని చూపించి డబ్బులు ఆపారట. ఏం సమాధానం చెప్తారు?

లెక్కల_మాస్టారు | 6 సెప్టెంబర్, సాయంత్రం 4:50

ఈ భయం ఉత్తదేమీ కాదు, అందుకే కొట్టిపారేయను. కానీ నిబంధన ఏమంటోందో చూడు. పీఎం కిసాన్ మార్గదర్శకాల్లో ఉన్నది "గత అసెస్‌మెంట్ ఇయర్‌లో ఆదాయపు పన్ను కట్టినవాళ్లు" అనర్హులని. రిటర్న్ వేసినవాళ్లు అనలేదు. మన రాష్ట్రంలో పథకాలకి చూసే పరిశీలనలోనూ పన్ను చెల్లించేవాళ్ల మాటే ఉంది. సున్నా టాక్స్‌తో రిటర్న్ వేసినవాడు పన్ను చెల్లించినట్టు కాదు. కింద ఎంట్రీ చేసే దగ్గర పాన్ కనిపించగానే ఇద్దర్నీ ఒక గాటన కట్టేస్తున్నారు, అదీ తంటా.

అలా ఆగితే అభ్యంతరం పెట్టుకోవచ్చు. రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంట్, కట్టాల్సిన పన్ను సున్నా అని చూపించే కంప్యుటేషన్ కాగితం, 26ఏఎస్ (మన పేరు మీద కోసిన, కట్టిన టాక్స్ స్టేట్‌మెంట్) జత చేసి ఇవ్వమను.

ఒకటి మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. పథకాలకి కుటుంబ ఆదాయ పరిమితి విడిగా ఉంది. నెలకు 45,000 జీతం వచ్చే ఇల్లు రిటర్న్ వేసినా వేయకపోయినా దాంట్లోకి రాదు.

బెజవాడ_బ్రో | 6 సెప్టెంబర్, సాయంత్రం 5:30

అది మాత్రం కరెక్ట్. కాగితాల సంగతి ఆవిడకి చెప్తా.

కాకినాడ_ఖాజా | 7 సెప్టెంబర్, రాత్రి 11:05

బీటెక్ ఫైనల్ ఇయర్. షేర్ మార్కెట్ ఆప్షన్స్‌లో 1.4 లక్షలు పోయాయి. ఇంట్లో తెలీదు. ఆదాయం ఏమీ లేదు. వేయాలా?

ఆడిటర్_అక్క | 8 సెప్టెంబర్, ఉదయం 7:30

ముందు ట్రేడింగ్ ఆపు తమ్ముడూ, తర్వాత రిటర్న్ సంగతి.

ఆదాయం లేదు కాబట్టి సాధారణంగా తప్పనిసరి కాదు. కానీ ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) అంటే వ్యాపారం లెక్కే. దాని టర్నోవర్ లాభాలు, నష్టాలు రెండూ గుర్తు చూడకుండా కూడితే వచ్చేది. అది 60 లక్షలు దాటలేదని చూసుకో. ఈ నష్టాన్ని వచ్చే ఎనిమిదేళ్లలో వ్యాపార లాభాల్లో తీసుకోవాలంటే మాత్రం గడువు లోపల, అంటే 15లోపు, ఐటీఆర్-3 వేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా ముందుకు తీసుకెళ్లే హక్కు పోతుంది. ఇంట్లో కూడా చెప్పు.

మియాపూర్_పీజీ | 8 సెప్టెంబర్, రాత్రి 9:20

తాతయ్య సంగతి ఎవరూ చెప్పలేదు. 80 దాటినవాళ్లకి 5 లక్షల వరకు లేదు కదా అని మా పెదనాన్న వాదిస్తున్నారు.

లెక్కల_మాస్టారు | 9 సెప్టెంబర్, ఉదయం 6:10

మీ పెదనాన్నగారు చెప్పేది పాత విధానం. 2023–24 నుంచి కొత్త విధానమే డిఫాల్ట్. అందులో 81 ఏళ్ల మీ తాతగారికీ 25 ఏళ్ల నీకూ ఒకటే 3 లక్షలు. ఆయన పెన్షన్ 4,56,000, స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 3,81,000. దాటింది. "నాకు పాతదే కావాలి, 5 లక్షల పరిమితి నాది" అనాలన్నా ఆ మాట రిటర్న్‌లోనే చెప్పాలి. ఎటు తిరిగినా వేయడమే. టాక్స్ ఏ దారిలోనూ రాదు.

75 నిండినవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది, 194పీ అని. పెన్షన్, ఆ పెన్షన్ పడే బ్యాంకులోనే వడ్డీ తప్ప ఇంకే ఆదాయం లేకపోతే బ్యాంకుకి 12బీబీఏ డిక్లరేషన్ ఇవ్వవచ్చు. లెక్కా టాక్సూ వాళ్లే చూసుకుంటారు, రిటర్న్ అక్కర్లేదు. వచ్చే ఏడాది కోసం ఆయన బ్యాంకులో అడిగి చూడు. చాలాచోట్ల 15హెచ్ ఇస్తే చాలనుకుంటారు. 15హెచ్ వడ్డీ మీద టీడీఎస్ ఆపడానికే, రిటర్న్‌కి దానితో సంబంధం లేదు.

వరంగల్_వాన | 9 సెప్టెంబర్, ఉదయం 10:45

మా నాన్న డిసెంబర్‌లో చనిపోయారు. ఆయన పేరు మీద టీడీఎస్ పోయి ఉంది. పోయినవాళ్లకి కూడా వేయాలా అక్కా?

ఆడిటర్_అక్క | 9 సెప్టెంబర్, మధ్యాహ్నం 2:10

బాధాకరం అండీ. వేయాలి. ఏప్రిల్ 1 నుంచి ఆయన ఉన్న రోజు వరకు వచ్చిన ఆదాయానికి వారసులు వేయాలి. పోర్టల్‌లో మీ లాగిన్ నుంచి లీగల్ హెయిర్‌గా రిజిస్టర్ చేసుకోండి. డెత్ సర్టిఫికెట్, ఆయన పాన్, మీ పాన్, వారసత్వ ధ్రువపత్రం ఉంటే చాలు. అప్రూవ్ కావడానికి కొంత టైం పడుతుంది, ఇవాళే మొదలుపెట్టండి. ఆ తర్వాత వచ్చిన వడ్డీ, ఫ్యామిలీ పెన్షన్ ఎవరికి వస్తే వాళ్ల లెక్కలోకి వెళ్తాయి.

సిద్దిపేట_సీను | 10 సెప్టెంబర్, రాత్రి 8:00

15 దాటితే ఏమైతది? మా దోస్తు ఒకడు ఇంకా ఫారం 16 కోసమే తిరుగుతున్నడు.

ఆడిటర్_అక్క | 10 సెప్టెంబర్, రాత్రి 10:55

డిసెంబర్ 31 వరకు ఆలస్యంగా వేయవచ్చు. ఆదాయం 5 లక్షల లోపుంటే 1,000, దాటితే 5,000 లేట్ ఫీజు. టాక్స్ సున్నా అయినా, వేయాల్సినవాళ్లకి ఈ ఫీజు పడుతుంది. మియాపూర్ తమ్ముడు ఆలస్యం చేస్తే 1,000 కట్టాలన్నమాట. చట్టప్రకారం వేయక్కర్లేనివాళ్లు రిఫండ్ కోసం వేస్తే ఫీజు లేదు. ఆలస్యమైతే జీతగాళ్లకి పాత విధానం ఎంచుకునే అవకాశం కూడా పోతుంది. డిసెంబర్ కూడా దాటితే అప్‌డేటెడ్ రిటర్న్ ఉంది, దాంట్లో రిఫండ్ అడగలేరు, అదనపు టాక్స్ కూడా పడుతుంది.

మీ దోస్తుకి చెప్పండి, ఫారం 16 లేకపోయినా పే స్లిప్పులు, 26ఏఎస్, ఏఐఎస్ (ఏడాది ఆదాయం, లావాదేవీల స్టేట్‌మెంట్) పెట్టుకుని వేయవచ్చు.

2025–26కి కనీస పరిమితి 4 లక్షలు, రిబేట్ 12 లక్షల ఆదాయం వరకు. అంటే 4 నుంచి 12 లక్షల మధ్య ఉన్నవాళ్లు టాక్స్ కట్టరు కానీ రిటర్న్ వేయాలి. వచ్చే ఏడాది ఈ థ్రెడ్ మళ్లీ పైకొస్తుంది చూడండి.

మియాపూర్_పీజీ | 15 సెప్టెంబర్, రాత్రి 10:50

నాదీ తాతయ్యదీ నిన్న అయిపోయాయి. నాన్నది ఐటీఆర్-2 సగంలో ఉండగా పోర్టల్ బయటికి తోసేస్తోంది. మళ్లీ లాగిన్, మళ్లీ తెల్ల స్క్రీన్. నాన్నేమో వెనకాల నిలబడి "నే చెప్పలేదూ" అంటున్నారు.

లెక్కల_మాస్టారు | 16 సెప్టెంబర్, ఉదయం 5:45

గడువు ఒక రోజు పొడిగించారు, ఇవాళ 16 వరకు. ఇప్పుడు తెల్లవారుజామున ఖాళీగా ఉంటుంది, లేచి వేసెయ్.

మియాపూర్_పీజీ | 16 సెప్టెంబర్, ఉదయం 6:38

అయిపోయింది మాస్టారూ! కానీ ఆధార్ ఓటీపీ నాన్న పాత నంబర్‌కి పోతోంది, ఆ సిమ్ ఎప్పుడో పోయింది. నెట్ బ్యాంకింగ్ లేదు. ఇప్పుడు ఈ-వెరిఫై ఎలా?

ఆడిటర్_అక్క | 16 సెప్టెంబర్, ఉదయం 7:02

30 రోజుల టైం ఉంది. పోర్టల్‌లో ఆయన బ్యాంకు ఖాతా వ్యాలిడేట్ అయి ఉంటే బ్యాంకులో ఉన్న మొబైల్ నంబర్‌కి కోడ్ తెప్పించుకోవచ్చు. లేదా ఆధార్ సెంటర్‌లో నంబర్ మార్పించండి. రెండూ కుదరకపోతే ఐటీఆర్-వి (సంతకం పెట్టాల్సిన రసీదు) ప్రింట్ తీసి, నీలం ఇంకు పెన్నుతో ఆయన సంతకం పెట్టించి, బెంగళూరులో రిటర్నులు ప్రాసెస్ చేసే ఐటీ శాఖ కేంద్రానికి (సీపీసీ) స్పీడ్ పోస్టులో పంపండి. 30 రోజుల్లోపు అక్కడికి చేరాలి. చేరకపోతే ఇవాళ వేసింది గడువులో వేసినట్టు లెక్కకి రాదు.

మియాపూర్_పీజీ | 16 సెప్టెంబర్, ఉదయం 7:10

బ్యాంకులో ఉన్నది అమ్మ నంబర్. ట్రై చేస్తున్నా అక్కా.